సింహళపు కాఫీయు, తుప్పును మేసెడి పురుగును

వరి పండించు తెలుగు రైతునకు ఉల్లికోడను పేరు చెవిని బడినంతనే గుండె గుభేలుమనును. నాటిన పైరు పిలకలు తొడిగి, పొలమంతయు పచ్చపచ్చగా కన్నుల పండువు చేయుచున్న తరుణమున, ఆకు రావలసిన చోట ఉల్లికాడను పోలిన తెల్లని బోలుగొట్ట మొకటి పొడుచుకొని వచ్చి, ఆ పిలక వెన్ను వేయకయే వ్యర్థమై పోవుటకు కారణము, దోమకంటెను చిన్నదగు ఈగ యొకటి పెట్టిన గ్రుడ్డు. ఆ ఈగకు 1889లో ఉడ్-మేసన్ అను శాస్త్రజ్ఞుడు నామకరణము చేసెను. దానిని తట్టుకొను వంగడములను రూపొందించుటకు ఓరుగల్లు పరిశోధనా కేంద్రమువారు ఎన్నియో యేండ్లు శ్రమించిరి. కోడు ఈగ యనిన రైతునకు శత్రువనియే మనవారి యెఱుక. ఆ యెఱుకలో తప్పేమియు లేదు.

ఐనను ఆ కుటుంబము మిక్కిలి పెద్దది. సెసిడోమైయిడే యని శాస్త్రజ్ఞులు పిలుచు ఈ వంశమున ఇంతవరకు పేరు పెట్టబడిన జాతులే ఆరువేలకు మించియున్నవి. వానిలో పెక్కింటి వృత్తి చెట్టు చేమలపై బొడిపెలు మొలిపించుట. మన పచారీ కొట్లలో దొరకు మాచికాయ కందిరీగల చుట్టమొకటి సింధూర వృక్షముపై చేయు బొడిపె. కోడు ఈగలును తమ తమ మొక్కలపై అట్టి పనియే చేయును. కాని అన్నదమ్ములందఱు ఒకే వృత్తి పట్టవలెనని ఎక్కడను లేదు గదా! ఈ వంశమున కొన్ని శాఖలు పేనుబంకను తిని బ్రతుకును, కొన్ని నల్లులను పీల్చును. మఱియొక శాఖ మొక్కనుగాని, మొక్కను తిను పురుగునుగాని ముట్టక, మొక్కకు పట్టిన తెగులునే, అనగా ఆకులపై పసుపు పచ్చగానో, ఎఱ్ఱగానో, బూడిదవలెనో పేరుకొను శిలీంధ్రమునే, ఆహారముగా గైకొనును. రైతు పగబట్టిన వంశమున రైతు పగను మేసెడి శాఖ యొకటి యుండుట సృష్టిలోని చమత్కారము.

ఈ శాఖ సంగతి ఐరోపా ఖండమువారికి చిరకాలముగా తెలియును. పట్టునేతకు పేరొందిన జర్మను పట్టణము క్రేఫెల్డ్‌లో నుండిన యోహన్నెస్ విన్నెర్ట్స్ 1853లో కోడు ఈగలపై ప్రకటించిన గ్రంథమున, తుప్పు అను తెగులు శిలీంధ్రపు ధూళిని మేసెడి జాతి నొకదానిని వర్ణించెను. 1895లో ఎవాల్డ్ రూబ్సామెన్ ఇట్టి వానికై మైకోడిప్లోసిస్ అను ప్రజాతిని ఏర్పఱచెను. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల ప్రమాణముగల ఈ యీగలను పట్టి, సూక్ష్మదర్శినిక్రింద వాని స్పర్శశృంగముల కణుపులను లెక్కించి, రెక్కలలోని ఈనెల పోకడను చిత్రించుట యోగాభ్యాసమునకు తీసిపోని ఓపిక గోరు పని. ఆ పని చేసినవారిలో లొరేన్ సీమలోని బిచ్ పట్టణమున పాఠములు చెప్పుకొనుచుండిన కీఫర్ వంటి క్రైస్తవ మతగురువులు కూడ నుండిరి. వారికి ఈ విద్యవలన లాభము లేదు, వర్తకముతో పొత్తు లేదు. ఈ పురుగు చరిత్రము వర్తకముతో ముడిపడుట అచ్చటినుండి వేలకొలది మైళ్ల దూరమున, సింహళ ద్వీపపు కొండలపై జరిగినది. కావున ముందుగా ఆ వర్తకము కథ చెప్పవలసియున్నది.

సింహళమునకు కాఫీమొక్క క్రొత్త గాదు. డచ్చివారి కాలముననే తీరప్రాంతములందు కొంత పండుచుండెను. కండి రాజ్యపు గ్రామములలో ఇండ్ల చుట్టును, బౌద్ధ విహారముల చెంతను అక్కడక్కడ చెట్లుండెను. ఆంగ్లేయులు 1796లో తీరమును, 1815లో కండి రాజ్యమును హస్తగతము చేసికొనిన పిమ్మట, 1824లో గవర్నరుగా వచ్చిన ఎడ్వర్డ్ బార్న్స్ అను సేనాని కొలంబో నుండి కండికి బాట వేయించి, తాను స్వయముగా పేరాదెణియ చెంత గన్నోరువలో కాఫీతోట పెట్టి, ఎగుమతి సుంకమును తొలగించి, తోటల వ్యవసాయమునకు కొబ్బరికాయ కొట్టెను. అటు పిమ్మట పది పదునైదేండ్లలో రెండు సంగతులు కలిసివచ్చినవి. వెస్టిండీసు దీవులలో బానిసత్వము రద్దగుటతో అక్కడి కాఫీ సాగు సన్నగిల్లెను. 1835లో బ్రిటను దేశము సింహళపు కాఫీకిని వెస్టిండీసు కాఫీకిని సుంకమును సమము చేసెను. అంతటితో కొండలపైకి జనము ఎగబ్రాకిరి. ఎకరము అయిదు షిల్లింగుల ధరకు ప్రభుత్వము అడవుల నమ్మెను. కొన్నవారిలో సైన్యాధికారులును, న్యాయాధిపతులును, రెవిన్యూ ఉద్యోగులును, తుదకు మతాచార్యులును ఉండిరి. అమ్ముటకు ప్రభుత్వమునకు హక్కెక్కడిది యని అడుగువారికి సమాధానముగా 1840లో ఒక శాసనమే పుట్టెను: సాగులో లేని భూమికి పత్రము చూపలేనిచో అది దొరతనము వారిదే. కండి రైతులు తరతరములుగా పోడు కొట్టుకొనుచు, పశువులను మేపుకొనుచు వచ్చిన బంజరులు ఆ విధముగా చేయి జాఱిపోయినవి. తోటల చరిత్ర వ్రాసినవారు దీనిని అడుగున ఒక్క వాక్యములో చెప్పి దాటిపోవుదురు గాని, నాకు చూడగా రాబోవు విపత్తునకు పునాదిరాయి పడిన చోటు ఇదియే.

ఏలయన, ఆ అమ్మకముతో కొండ కొండయంతయు ఒక్క చెట్టుతో నిండిపోయెను. అడవిని నఱికి, ఎండనిచ్చి, నిప్పుపెట్టి, బూడిదలో వరుసలు తీర్చి కాఫీ నాటిరి. గట్టున మఱొక చెట్టు లేదు, నీడ లేదు, గాలిని ఆపునది లేదు. 1847-48 ప్రాంతమున ధరలు పడిపోయి ఎందఱో దివాలా తీసినను, వ్యవసాయపు తీరు మాత్రము మాఱలేదు. ధర మరల పుంజుకొనగానే తోటలు మరల విస్తరించెను. 1867లో కండికి రైలు వచ్చెను. 1870వ దశకమున కాఫీ పాఱిన నేల 2,75,000 ఎకరముల వఱకు పెరిగెను. ఏటా పదికోట్ల పౌనులకు పైబడిన గింజ ఓడల కెక్కుచుండెను.

ఆ గింజను కోసిన చేతులు సింహళీయులవి కావు. కండి రైతు తోటకూలికి ఒప్పుకొనలేదు. మద్రాసు రాజధానిలోని తిరునెల్వేలి, మధుర, తంజావూరు, తిరుచినాపల్లి జిల్లాల నుండి అరవ కూలీలు కంగాణీల వెంట కడలి దాటి మన్నారు తీరమున దిగి, నీళ్లులేని అడవులగుండా మాతలె వఱకు కాలినడకను పోయిరి. మనవారు మేస్త్రీల వెంట రంగూనుకు పోయిన తీరే యిదియు. ఆ బాట ప్రక్కన కలరాతోను మశూచితోను రాలిపోయినవారి సంఖ్య తోటల లాభనష్టముల పట్టికలకు ఎక్కినది కాదు. 1876 నుండి 1878 వఱకు దక్షిణ దేశమును పీడించిన ధాతు కఱవున ఈ ప్రవాహము మఱింత పెరిగెను. ఆకలిని తప్పించుకొని వారు చేరిన తోటలకు అప్పటికే తెగులు పట్టియుండెను.

1869లో మడుల్‌సీమ ప్రాంతపు తోటనుండి ఆకులు కొన్ని పేరాదెణియ వృక్షోద్యానమునకు వచ్చినవి. ఆకు పైభాగమున లేత పసుపు మచ్చ. క్రిందిభాగమున నారింజరంగు పొడి. ఉద్యానాధిపతి త్వెయిట్స్ వానిని ఇంగ్లండుకు పంపగా, మైల్స్ బర్‌క్లీ అను మతాచార్యుడు పరీక్షించి, ఇది లోకమునకు క్రొత్తదగు శిలీంధ్రమని తేల్చి, ఆ యేటి నవంబరులో గార్డెనర్స్ క్రానికల్ పత్రికలో హెమిలియా వాస్టాట్రిక్స్ అను పేరు ప్రకటించెను. ఇరువదేండ్లకు పూర్వము ఐర్లండు బంగాళాదుంపలను కుళ్లబెట్టిన తెగులునకు మూలము శిలీంధ్రమే యని వాదించి నిలిచినవాడు ఈ బర్‌క్లీయే. ఆయన మాటకు విలువ యిచ్చి తోటదొరలు వెంటనే మేల్కొనిరా యనిన, లేదు. తెగులు వలన దిగుబడి తఱుగుచుండగా, అదే కాలమున లోకమున కాఫీ ధర పెరుగుచుండెను. ఎకరమునకు నాలుగున్నర హండ్రెడ్‌వెయిట్లు పండిన చోట రెండు మాత్రమే పండినను చేతికి వచ్చు రూకలు అంతగా తగ్గలేదు. తగ్గిన దానిని పూరించుటకు వారు మఱికొంత అడవిని నఱికి మఱికొన్ని తోటలు పెట్టిరి. అనగా తుప్పను ఆ తెగులునకు మఱికొంత మేత పెట్టిరి. ధర పెరుగుట ఆ తోటలకు చేసినంత కీడు తుప్పు కూడ చేయలేదేమో యని నాకు అనిపించును.

1880లో హారీ మార్షల్ వార్డ్ అను ఇరువదియాఱేండ్ల యువకుడు ప్రభుత్వ నియుక్తుడై సింహళమునకు వచ్చెను. ఆయన వచ్చుటకు ముందు ఒకరిద్దఱు గంధకము, సున్నము చల్లించి చూచియుండిరి. వార్డ్ మందుల జోలికి ముందుగా పోక, తెగులు నడక యేమో తెలిసికొనదలచెను. గ్లిసరిన్ పూసిన గాజు పలకలను తోటలలో వ్రేలాడగట్టి, గాలిలో తేలివచ్చి వానికంటిన ధూళిని సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించెను. అందు తుప్పు సిద్ధబీజములు కనబడెను. వానిని నీటిబొట్టులో నుంచి ఆకు అడుగున పెట్టి, ఒక దినములోపల మొలక సాగి పత్రరంధ్రములగుండా లోన ప్రవేశించుటను, మఱి రెండు మూడు వారములకు ఆకు అడుగున క్రొత్త పొడి పుట్టుటను కన్నులార చూచెను. ఈ తెగులు నేల దోషమనియు, చెట్టు వార్ధక్యమనియు, వానల వైపరీత్యమనియు చెప్పుకొనుచుండిన మాటలన్నియు దానితో వీగిపోయినవి. గాలి తెచ్చును, నీరు మొలిపించును, ఆకు ప్రక్కన ఆకుండుట చేత ప్రాకును. ఎడతెగక వ్యాపించిన ఏకసస్యమే ఈ తెగులును ఇంతదానిని చేసినదని ఆయన నివేదికలలో తేటతెల్లముగా చెప్పెను. తోటదొరలు ఆశించినది మందు. ఆయన యిచ్చినది నిదానము. రెండేండ్ల గడువు తీరగా 1882లో ఆయన ఇంటికి మరలినపుడు వారికి ఆయనపై గౌరవమేమియు మిగిలియుండలేదు. పిమ్మట ఆయన కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రాచార్యుడై గొప్ప శిష్యులను తయారుచేసెను. మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమును మిల్లర్డే ఫ్రాన్సులో ద్రాక్షతోటల కొఱకు ప్రకటించినది 1885లో. మూడేండ్లు ముందు వచ్చియున్నచో ఏమగునో!

అప్పటికి పైనుండి మఱొక దెబ్బ పడెను. 1882 నుండి ఆకుపచ్చని పొలుసు పురుగు తుప్పునుండి తప్పించుకొనిన చెట్లను పట్టుకొనెను. 1884లో తోటలకు పెట్టుబడి పెట్టిన ఓరియంటల్ బ్యాంకు తలుపులు మూసెను. కూలి బాకీలు చెల్లింపక దొరలు కొందఱు ఓడలెక్కిరి. రెండు దశాబ్దులు గడచునప్పటికి కాఫీ యెగుమతి మునుపటిలో ఇరువదవ వంతునకు పడిపోయెను. జేమ్స్ టెయిలర్ లూల్‌కొందెరలో 1867లో పందొమ్మిది ఎకరములలో పెట్టిన తేయాకు కొండలంతట ప్రాకినది. చచ్చిన కాఫీచెట్ల మొండెములను బెరడు ఒలిచి ఇంగ్లండుకు పంపగా, అచ్చటివారు వానిని తేనీటి బల్లలకు కాళ్లుగా అమర్చుకొనిరని ఒక కథ వాడుకలో నున్నది.

ఇంతటి కోలాహలమున, ఆకు అడుగున పొడి నడుమ మెదలుచుండు చిన్న పురుగు సంగతి యేమి? కాఫీ తుప్పును మేసెడి కోడు ఈగకు శాస్త్రసమ్మతమైన పేరు లభించినది 1939లో. అనగా తుప్పు పేరు పొందిన డెబ్బదియేండ్లకు, సింహళమున కాఫీ వర్తకము గతించిన ఏబదియేండ్లకు. పేరు పెట్టినవాడు ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున పని చేసిన హెచ్. ఎఫ్. బార్న్స్. వ్యవసాయమునకు సంబంధించిన కోడు ఈగలనుగూర్చి 1946 మొదలు 1956 వఱకు ఏడు సంపుటములు ప్రకటించిన మహానుభావుడాయన. కాఫీని సింహళపు కొండలపై నాటించిన గవర్నరొక బార్న్స్. ఆ కాఫీని తిన్న తుప్పును తినెడి పురుగునకు మైకోడిప్లోసిస్ హెమిలియే యని నామకరణము చేసిన శాస్త్రజ్ఞుడు మఱొక బార్న్స్. ఇరువురకు చుట్టరికమున్నదని నేననుట లేదు. చరిత్ర ఒక్కొక్కప్పుడు ఇట్టి పరిహాసములాడును.

దీనిని ఒక్కసారి దగ్గఱగా చూడవలసినదే. వానలు తగ్గిన పిమ్మట తుప్పు పట్టిన కాఫీ ఆకును వెనుకకు త్రిప్పినచో, వేలితో తాకగానే అంటుకొను నారింజరంగు పొడి గుండ్రని మచ్చలుగా కనబడును. భూతద్దముతో ఆ మచ్చను కొంతసేపు చూచినచో, పొడిలో కొంత భాగము తనంతట తాను కదలుచున్నట్లు తోచును. అది పొడి కాదు, కాళ్లులేని పురుగు. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. తినిన తిండి రంగే దాని రంగగుటచేత కదలినప్పుడు తప్ప కంటికి దొరకదు. అది తలను, తల యని చెప్పదగినంత యుండదు గాని, ఆ మొనను ఇటునటు త్రిప్పుచు సిద్ధబీజముల నడుమ మెల్లగా సాగును. అది మేసిన మేర పొడి పలుచబడి ఆకు చర్మము బయటపడును. కొలది దినములలో కడుపు నిండి, ఆకునుండి నేలకు రాలి, ఆకుల చెత్తలోను తేమ మట్టిలోను దాగి, ఈగయై మరల పైకి వచ్చును. ఈగ బ్రతుకు బహు స్వల్పము. పొడవైన సన్నని కాళ్లతో, పూసలపేరువంటి స్పర్శశృంగములతో తుప్పు మచ్చను వెదకికొని, అచ్చటనే గ్రుడ్డు పెట్టుట తప్ప దానికి మఱొక పని లేదు. దాని సంతతికి తుప్పే అన్నము, తుప్పే యిల్లు.

ఇట్టి పురుగు పుష్కలముగా నుండినచో సింహళము గట్టెక్కియుండెడిది గదా యని చదువరి అనుకొనవచ్చును. ప్రకృతిని పొగడు పుస్తకములు కొన్ని ఇట్టి ఆశను కల్పించును. నాకు మాత్రము నమ్మకము లేదు. మేసెడి ప్రాణి మేత వెంట వచ్చునే గాని ముందు రాదు. తుప్పు లేని ఆకుపై ఈ ఈగ గ్రుడ్డు పెట్టదు. తుప్పు రగిలి పొడి పండిన పిమ్మటనే దానికి వంశవృద్ధి. అప్పటికే ఆ పొడిలోనుండి వేలకొలది సిద్ధబీజములు గాలి పాలై, ప్రక్క కొండను చేరియుండును. ఎండకాలమున తుప్పు తగ్గును, దానితో పురుగును తగ్గును. తొలకరికి తుప్పు ముందడుగు వేయును, పురుగు వెనుక పరుగెత్తును. అంతియేకాక, మట్టిలో తేమయు ఆకుచెత్తయు లేని చోట దాని జీవితచక్రము నడచుట కష్టము. కాల్చి, దున్ని, కొండవాలు నేలను వానకు ఒప్పగించిన తోటలో అది యెక్కడ తలదాచుకొనును? పురుగు మేసిన పొడి యంతయు తుప్పునకు నష్టమేనని అనుటకు కూడ వీలులేదు. దాని ఒడలికి అంటిన ధూళి మఱొక ఆకునకు చేరవచ్చునని 1960లలో కెన్యాలో కొందఱు పరిశోధకులు అనుమానించిరి. ఇల్లు కాలుచున్నప్పుడు చెంబెడు నీళ్లు చల్లువాడు మంచివాడే గాని, వాని కాలికి నిప్పురవ్వలు అంటుకొనియుండుట కూడ కలదు.

అట్లని దీనిని కొట్టిపారవేయుటయు తప్పు. ఏకసస్యపు కొండపై ఓడిపోయిన సైన్యము నీడతోటలో వేఱు విధముగా పోరాడవచ్చును. బాబాబుడన్ కొండలపై ఒక ఫకీరు ఏడు గింజలు నాటెనని ప్రతీతిగల మైసూరు సీమకు, దాని పొరుగునున్న కొడగుకు 1870 ప్రాంతముననే తుప్పు ప్రాకినది. ఆ దేశమువారును నష్టపోయిరి, తోటలు మానుకొన్నవారును గలరు. కాని పెద్ద చెట్ల నీడన కాఫీని పెంచు అలవాటు అచ్చట నిలిచియుండుటచేత కాఫీ సమూలముగా అంతరించలేదు. 1911లో కెంట్ అను తోటదొర తుప్పుకు లొంగని చెట్టొకటి ఏరి పెంపుచేయగా అది దేశమెల్ల వ్యాపించెను. 1925లో బాలెహొన్నూరున కాఫీ పరిశోధనా కేంద్రము వెలసినది. అచ్చటనే 1930ల మొదట మేయ్న్ అను శాస్త్రజ్ఞుడు, తుప్పు ఒక్కటి గాదు, పెక్కు తెగలున్నవనియు, ఒక చెట్టును తినలేని తెగ స్థానమున దానిని తినగల తెగ లేచుచున్నదనియు నిరూపించెను. కెంట్ చెట్టు గర్వము ఆ విధముగా అడగినది. పిదప ఎస్. 795 అను కాఫీ వంగడము వచ్చినది, దానికిని కొంతకాలమునకు తుప్పు పట్టినది. కాటిమోర్ సంతతిదగు కావేరి వచ్చినది. దాని కథయు అట్టిదే.

ఇచ్చట మన పురుగు పక్షమున ఒక మాట చెప్పవలెను. తుప్పు తన తెగను మార్చుకొని చెట్టును మోసగించును గాని, పొడిని పొడిగా తినెడి వానిని మోసగించుట అంత తేలిక గాదు. మేసెడి వానికి తెగల పట్టింపు ఉండవలసిన అవసరము కానరాదు. మొన్నటి వఱకు ఈ దృష్టితో చూచినవారు తక్కువ. 2011లో కొందఱు శిలీంధ్ర శాస్త్రజ్ఞులు తుప్పు నమూనాలను పరీక్షింపగా, క్రొత్తగా సేకరించిన వానిలోనే కాక, ఎండబెట్టి కాగితపు పొట్లములలో భద్రపఱచిన పాత నమూనాలలోను మైకోడిప్లోసిస్ డింభకములు కనబడినవి. తుప్పు ఎచ్చటనో ఈ పురుగు అచ్చట తఱచుగా నుండునని దానివలన తేలినది. తుప్పును దాచినవారు దానితోపాటు దాని శత్రువును గూడ దాచిరి. కాని వారు వ్రాసిన చీటీలపై తుప్పు పేరే గలదు. మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన వాండర్‌మీర్, పెర్‌ఫెక్టో దంపతులు శిష్యులతో కూడి మెక్సికో, ప్యూర్టొ రికో తోటలలో ఈ పురుగులను వెదకి లెక్కించిరి. ప్యూర్టొ రికోలో తుప్పును మేసెడి నత్తను గూడ వారు కనుగొనిరి. ఆ నత్త కొన్ని పంటలకు చేటు చేయునది గావున దానిని తెచ్చి తోటలో వదలుడని వారెవ్వరికిని చెప్పలేదు. వారి వివేకమునకు సంతసించితిని.

మన తెలుగునాటికి కాఫీ వచ్చినది ఆలస్యముగానే. పందొమ్మిదవ శతాబ్ది చివర ఒక ఆంగ్లేయోద్యోగి తూర్పు గోదావరి మన్యమున పాములేరు లోయలో నాటించినది మొదటిదందురు. 1920ల నాటికి అనంతగిరి, చింతపల్లి ప్రాంతములకు ప్రాకినను, అది విస్తారముగా పెరిగినది స్వాతంత్ర్యానంతరము అటవీశాఖవారు పూనుకొనిన పిదపనే. ఆ మీదట గిరిజనుల చేతికి వచ్చినది. అరకు, పాడేరు కొండలలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మ్రాకుల కల్లుకొనిన మిరియపు తీగల నడుమ, ఒక్కొక్క కుటుంబము ఎకరమో రెండెకరములో సాగుచేసికొనుచున్న ఈ తోటలు సింహళపు తోటలకు ఏ విధమునను పోలవు. కర్ణాటకపు పెద్ద తోటలలో తొలకరికి ముందొకసారి, వానలు వెనుకబట్టిన పిమ్మట మఱొకసారి ఆకు అడుగు తడియునట్లు బోర్డో మిశ్రమము చల్లుదురు. అది తుప్పును అణచును. తుప్పు లేనిచో దానిని మేసెడి పురుగునకును పని లేదు. మన్యపు గిరిజనుని తోటలో మందు చల్లుట అరుదు. చెట్టుక్రింద ఆకు రాలి కుళ్లును, మట్టి తడి ఆఱదు, తుప్పు ఏటేట కొంత పట్టును, కొంత పోవును. కాఫీ తుప్పును మేయు పురుగును మనదేశమున వెదకదలచిన విద్యార్థి, సంతానమునకు తేమ మట్టియు తిండికి తుప్పు పొడియు ఒక్క చోట దొరకునట్టి ఈ తోటలకే పోవలెను. ఆశ్వయుజ, కార్తిక మాసములలో పండ్లు ఎఱ్ఱబడు వేళకు పోయి, క్రింది కొమ్మల ముదురాకులను త్రిప్పి, పది రెట్లు పెద్దది చేసి చూపు భూతద్దము చేతబట్టి, ఒక్కొక్క మచ్చయొద్ద ఒక నిముషమైనను తొందరపడక నిలువవలెను.